బడి ప్రయోగశాలలో ఘనపదార్థాల, ద్రవాల సాంద్రత కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు పరిసరాల ఉన్నత పాఠశాలల్లో 8 నుంచి 10వ తరగతి వరకు చదివే విద్యార్థులు, వారి చేత ప్రయోగాలు చేయించే ఉపాధ్యాయులు సాంద్రత ప్రయోగం దగ్గర అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. బడిలో సాధారణంగా దొరికే సామగ్రినే దృష్టిలో పెట్టుకున్నాం: 100 మి.లీ. కొలజాడీ, 0.1 గ్రాము వరకు చూపే డిజిటల్ కాటా, స్ప్రింగ్ త్రాసు, బీకరు, దారం, థర్మామీటరు.

సూత్రం చాలా తేలిక కదా, మరి ఒకే రాయికి తరగతిలో ఒక్కొక్కరికీ ఒక్కో విలువ ఎందుకు వస్తుంది?

ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుందన్నది అందరికీ తెలిసిన విషయమే. అయితే ఈ రెండు కొలతల్లోనూ దోషం ఒకే మోతాదులో ఉండదు. యాభై గ్రాముల రాయిని 0.1 గ్రాము వరకు చూపే కాటా మీద తూస్తే దోషం అయిదు వందల్లో ఒక వంతు మాత్రమే. అదే రాయిని కొలజాడీలో ముంచి ఘనపరిమాణం చదివితే దోషం ఇరవైలో ఒక వంతు దాకా పోవచ్చు. కాబట్టి మంచి కాటా కొనిపెట్టినంత మాత్రాన ఫలితం మెరుగుపడదు. శ్రద్ధ అంతా ఘనపరిమాణం మీద పెట్టాలి. వీలైన చోటల్లా దానిని కంటితో చదవడం మానుకొని కాటా మీద తూయడం నేర్చుకోవాలని మా అభిప్రాయం. ఈ పేజీలో వివరించిన పద్ధతుల్లో చాలావరకు ఆ దారిలోనివే.

కొలజాడీతో వచ్చే దోషం నిజంగా అంత ఎక్కువా?

ఒక లెక్క చూద్దాం. పల్నాడు నాపరాయి ముక్క ఒకటి 52.4 గ్రాములు తూగింది. కొలజాడీలో నీటిమట్టం 60.0 నుంచి 79.5 మి.లీ.కి పెరిగింది. ఘనపరిమాణం 19.5 ఘ.సెం.మీ., సాంద్రత 2.69 గ్రా./ఘ.సెం.మీ. అని విద్యార్థి రాస్తాడు. కానీ 100 మి.లీ. కొలజాడీ మీద గీతలు ఒక్కో మి.లీ.కి ఒకటి చొప్పున ఉంటాయి కనుక, ప్రతి పఠనంలోనూ అర మి.లీ. అటూ ఇటూ అయ్యే అవకాశం ఉంది. ఒక పఠనంలో దోషం పైకి, మరోదానిలో కిందికి పడి రెండూ కలిసివస్తే ఘనపరిమాణం 18.5 నుంచి 20.5 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అప్పుడు సాంద్రత 2.83 కావచ్చు, 2.56 కావచ్చు. పక్కపక్క బల్లల మీద ఇద్దరికి ఈ రెండు విలువలూ వచ్చినా ఎవరూ తప్పు చేసినట్టు కాదు.

అయినా కొన్ని జాగ్రత్తలతో ఈ దోషాన్ని సగానికి తగ్గించవచ్చు. జాడీ చదునైన బల్ల మీద ఉండాలి. చేతిలో ఎత్తి పట్టుకొని చదవకూడదు. గాజుకు ఆనుకున్న నీరు అంచుల్లో కొంచెం పైకి పాకుతుంది కాబట్టి, మధ్యలో పల్లంగా కనిపించే అడుగు భాగానికి కంటిని సమానంగా తెచ్చి చదవాలి. జాడీ వెనుక సగం నల్లగా, సగం తెల్లగా ఉన్న అట్టముక్క పెడితే ఆ అంచు స్పష్టంగా తెలుస్తుంది. రాయిని దారంతో మెల్లగా దించాలి. పై నుంచి జారవిడిస్తే నీరు చింది గోడలకు అంటుకుంటుంది, ఒక్కోసారి జాడీ అడుగే పగులుతుంది. వస్తువు పట్టే జాడీల్లో అతి సన్ననిదాన్ని ఎంచుకోవడం అన్నిటికన్నా మేలు, ఎందుకంటే సన్నని జాడీలో మట్టం ఎక్కువ ఎత్తు పెరుగుతుంది.

ఘనపరిమాణాన్ని కాటా మీద తూయడం ఎలా సాధ్యం?

బీకరులో సగానికి పైగా నీరు పోసి కాటా మీద పెట్టి, టేర్ మీట నొక్కి పఠనాన్ని సున్నాకు తేవాలి. రాయికి సన్నని నైలాన్ దారం కట్టి, ఆ దారాన్ని కాటాకు తగలని స్టాండుకు వేలాడదీసి, రాయి పూర్తిగా మునిగేటట్టు దించాలి. రాయి బీకరు అడుగునూ గోడలనూ తాకకూడదు, నీరు పొర్లకూడదు. ఇప్పుడు కాటా చూపే అంకె రాయి బరువు కాదు, రాయి పక్కకు నెట్టిన నీటి ద్రవ్యరాశి.

కారణం ఆర్కిమెడిస్ సూత్రంలోనే ఉంది. నీరు రాయిని పైకి నెట్టే ఉత్ప్లవన బలం ఎంతో, రాయి నీటిని కిందికి నెట్టే బలమూ అంతే. ఆ బలాన్ని బీకరు కాటాకు అందిస్తుంది. రాయి మిగిలిన బరువును దారం మోస్తోంది కనుక అది కాటాకు చేరదు. పై నాపరాయికి కాటా 19.6 గ్రాములు చూపిందనుకుందాం. గది నీటి ఉష్ణోగ్రత 32 డిగ్రీలైతే నీటి సాంద్రత 0.995, కాబట్టి ఘనపరిమాణం 19.7 ఘ.సెం.మీ., సాంద్రత 2.66. కాటా దోషం 0.1 గ్రాము మాత్రమే కనుక విలువ 2.65, 2.67 హద్దులు దాటదు. అదే రాయి, అదే నీరు, అదే గది. పద్ధతి మారడంతో అనిశ్చితి పదో వంతుకు పడిపోయింది.

ఇక్కడ గమనించవలసినవి రెండు. రాయి అడుగును తాకగానే అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. అలా జరిగితే దారాన్ని పైకి లాగి మళ్లీ చదవాలి. రెండవది, రాయికి అంటిన గాలి బుడగలు. గరుకు రాయిని ముందే తడిపి, నీటిలో ఒకటి రెండుసార్లు తిప్పి, మెరిసే బుడగలేవీ లేవని చూసుకున్నాకే అంకె రాసుకోవాలి. ఫ్యాను తిరుగుతున్నప్పుడు అంకె నిలవదు. ఏప్రిల్‌లో మన ఊళ్లలో ఫ్యాను ఆపమనడం కొంచెం కఠినమే అయినా, పఠనం తీసుకునే అర నిమిషం పాటు ఆపక తప్పదు.

మా బడిలో స్ప్రింగ్ త్రాసు మాత్రమే ఉంది. దానితో చేయవచ్చా?

చేయవచ్చు. గాలిలో పఠనాన్ని, గాలిలోనూ నీటిలోనూ ఉన్న పఠనాల భేదంతో భాగిస్తే సాపేక్ష సాంద్రత, అంటే నీటి సాంద్రతకు ఎన్ని రెట్లో తెలిపే అంకె, వస్తుంది. అయితే ఈ పద్ధతి రాళ్లకు, గాజుకు, అల్యూమినియానికి సరిపోయినంతగా ఇనుముకు సరిపోదు. ఇనుప దిమ్మె గాలిలో 156 గ్రాములు, నీటిలో 136 గ్రాములు చూపితే భేదం 20, సాపేక్ష సాంద్రత 7.8. విలువ ముచ్చటగానే ఉంది. కానీ త్రాసు మీద గీతలు 5 గ్రాములకు ఒకటి ఉంటే, ఆ 20 నిజానికి 15 కావచ్చు, 25 కావచ్చు. అంటే జవాబు 10.4 నుంచి 6.2 వరకు ఎక్కడైనా పడవచ్చు. పాఠ్యపుస్తకంలోని విలువే సరిగ్గా వచ్చిందంటే చాలాసార్లు అది త్రాసు గొప్పతనం కాదు, ముందే జవాబు తెలిసిన కన్ను చేసిన పని. బరువైన లోహాలకు పెద్ద దిమ్మెలు తీసుకోవాలి, లేదా కాటా పద్ధతికి మారాలి.

నీటి సాంద్రత 1 అని రాస్తే తప్పా?

నీటి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు 1.000 గ్రా./ఘ.సెం.మీ. ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర 0.998, 30 దగ్గర 0.996, 35 దగ్గర 0.994, 40 దగ్గర 0.992. విజయవాడ ఎండాకాలంలో ట్యాంకు నుంచి నేరుగా పట్టిన నీరు గది వేడిని కూడా మించి ఉండవచ్చు. 1 అని తీసుకుంటే వచ్చే దోషం వందకు అర నుంచి ముప్పావు వంతు. కొలజాడీ వాడినప్పుడు దీనిని పట్టించుకోనవసరం లేదు, అక్కడి దోషాల ముందు ఇది లెక్కలోకి రాదు. కాటా పద్ధతిలో మాత్రం పట్టించుకోవాలి. ట్యాంకు నీటిని ఒక గంట బకెట్‌లో ఉంచి గది ఉష్ణోగ్రతకు రానిచ్చి, థర్మామీటరుతో చూసి రాసుకోవడం మంచి అలవాటు.

కృష్ణా నీటికీ, బోరు నీటికీ, సముద్రపు నీటికీ సాంద్రతలో తేడా చూపించవచ్చా?

మొదటి రెండింటికీ మధ్య బడి కాటాతో చూపించలేం. బోరు నీటిలో లీటరుకు ఒక గ్రాము లవణాలు ఎక్కువ ఉన్నాయనుకున్నా, 50 మి.లీ.లో వచ్చే తేడా 0.04 గ్రాముకు మించదు, 0.1 గ్రాము చూపే కాటాకు అది కనిపించనే కనిపించదు. ఉప్పదనం నాలుకకు తెలిసినంత మాత్రాన తూకంలో తెలియాలని లేదు. సూర్యలంక నుంచి తెచ్చిన సముద్రపు నీరు మాత్రం 50 మి.లీ.కి ఒక గ్రాముకు పైగా ఎక్కువ తూగుతుంది, ఎందుకంటే దాని సాంద్రత సుమారు 1.02. ఎవరైనా బాపట్ల వైపు వెళ్తే ఒక సీసా తెమ్మనడం మంచిది.

నీటిలో తేలే వస్తువుల సాంద్రత ఎలా కొలవాలి?

పుస్తకాలలో చెప్పేది బరువు కట్టే పద్ధతి: తేలే వస్తువుకు ఒక సీసపు గుండును కట్టి, ముందు గుండును మాత్రమే ముంచి, తర్వాత రెండింటినీ కలిపి ముంచి, తేడా తీసుకోవడం. కాటా ఉన్నచోట ఇంతకన్నా సులువైన దారి ఉంది. నీటి బీకరును కాటా మీద పెట్టి సున్నా చేసి, కొవ్వొత్తి ముక్కను నీటి మీద తేలనిస్తే కాటా చూపేది దాని ద్రవ్యరాశి. ఇప్పుడు సన్నని సూదితో ఆ ముక్క సరిగ్గా మునిగేంత వరకే కిందికి నొక్కి పట్టుకుంటే కాటా చూపేది అది తొలగించిన నీటి ద్రవ్యరాశి. మొదటి అంకె 18.2, రెండవది 20.1 అయితే సాపేక్ష సాంద్రత 0.905, 0.995తో గుణిస్తే సాంద్రత 0.90 గ్రా./ఘ.సెం.మీ. వస్తువును బీకరులోంచి తీయకుండానే రెండు కొలతలూ పూర్తవుతాయి. వేలితో నొక్కకూడదు, వేలు కూడా నీటిని తొలగిస్తుంది.

మన ప్రాంతంలో ఈ ప్రయోగానికి మంచి వస్తువు కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర ముక్క. చాలా తేలికైన కర్ర కనుక నొక్కడానికి చెప్పుకోదగ్గ బలమే కావాలి, విద్యార్థులకు ఉత్ప్లవన బలం చేతికి తెలుస్తుంది. అయితే ఆ కర్ర నీటిని పీల్చుకుంటుంది. పీల్చిన కొద్దీ మునిగినప్పటి అంకె నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. అందుకని ముందు పొడిగా తూచి, కరిగించిన మైనంలో ఒక్కసారి ముంచి పలుచని పూత పట్టించి, ఆ తర్వాత కొలవాలి. రంగులు వేసిన బొమ్మను వాడవద్దు. బొమ్మ పాడవుతుంది, రంగు, అతుకు పదార్థం బరువు కలవడం వల్ల కర్ర విలువా రాదు.

పటిక, ఉప్పు, కలకండ నీటిలో కరుగుతాయి కదా?

కిరోసిన్‌లో కరగవు. నీటికి బదులు కిరోసిన్ పోసి అదే కాటా పద్ధతి పాటించి, వచ్చిన అంకెను కిరోసిన్ సాంద్రతతో భాగించాలి. కిరోసిన్ సాంద్రత రకాన్ని బట్టి 0.78 నుంచి 0.82 వరకు మారుతుంది కాబట్టి పుస్తకంలో చూసి వేయకుండా అదే సీసాలోని నమూనాకు ముందుగా కొలుచుకోవాలి. దగ్గరలో మంట ఉండకూడదు. పటిక స్ఫటికానికి సుమారు 1.75, కలకండకు సుమారు 1.6 వస్తుంది.

ఇసుక సాంద్రత 1.6 అని కొందరు, 2.65 అని కొందరు అంటారు. ఏది సరైనది?

రెండూ సరైనవే, కొలిచినవి వేరు. కొలజాడీలో పొడి ఇసుక పోసి, నిండిన ఘనపరిమాణంతో భాగిస్తే రేణువుల మధ్య గాలి కూడా లెక్కలోకి వస్తుంది. అది రాశి సాంద్రత. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీని (మిర్చి బస్తాను) తొక్కి నింపడానికీ, వదులుగా నింపడానికీ బరువులో తేడా వచ్చేది ఇందుకే. రేణువు సాంద్రత కావాలంటే గాలిని నీటితో నింపాలి.

50 మి.లీ. విశిష్ట గురుత్వ సీసా (నింపిన ప్రతిసారీ ఒకే ఘనపరిమాణం పట్టే సీసా) ఖాళీగా 21.3 గ్రాములు, నీటితో నింపితే 71.1 గ్రాములు తూగిందనుకుందాం. ఖాళీ సీసాలో కడిగి ఆరబెట్టిన కృష్ణా ఇసుక 30.0 గ్రాములు వేస్తే 51.3. ఆ ఇసుక మీద నీరు నింపితే 89.8. సీసా నిండా పట్టే నీరు 49.8 గ్రాములు, ఇసుక ఉన్నప్పుడు పట్టిన నీరు 38.5. తేడా 11.3 గ్రాములు, అదే ఇసుక చోటు. 30.0ను 11.3తో భాగిస్తే 2.65. నీరు పోసిన వెంటనే మూత పెట్టకూడదు. సగం పోసి, సీసాను రెండు అరచేతుల మధ్య దొర్లించి, బుడగలు పూర్తిగా వదిలాక మిగతాది నింపాలి. బుడగలు మిగిలితే సాంద్రత తక్కువగా వస్తుంది, ఎప్పుడూ ఎక్కువగా రాదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే తప్పును వెతకడం తేలిక.

ద్రవాల సాంద్రతకు ఏ పద్ధతి మంచిది?

అదే సీసా. ఖాళీ సీసా 21.3, నీటితో 71.1, వేరుశనగ నూనెతో 66.9 గ్రాములు అయితే నూనె 45.6, నీరు 49.8, నిష్పత్తి 0.916, దాన్ని 0.995తో గుణిస్తే 0.911 గ్రా./ఘ.సెం.మీ. ఈ పద్ధతిలో ఘనపరిమాణాన్ని ఎక్కడా చదవనే లేదు. నీటినీ నూనెనూ ఒకే చోటులో నింపి తూచాం, అంతే.

ఈ సీసా మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. మూత బిగించగానే ఎక్కువైన ద్రవం ఆ రంధ్రం గుండా పైకి వచ్చి పొంగుతుంది; బయట తుడవాలి గానీ రంధ్రం మీద గుడ్డ ఆనించి ఉంచకూడదు, గుడ్డ లోపలి ద్రవాన్ని కూడా పీల్చేస్తుంది. సీసాను మెడ దగ్గర పట్టుకోవాలి. అరచేతిలో పెట్టుకుంటే ఆ వేడికి ద్రవం వ్యాకోచించి రంధ్రంలోంచి చుక్కలుగా బయటికి వస్తుంది. ముందు నీరు, తర్వాత నూనె అన్న క్రమం పాటించాలి. నూనె తర్వాత నీరు పోయాలంటే సీసాను సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాల్సి వస్తుంది, ఒక్క పీరియడ్‌లో అది కుదరదు.

ఆ సీసా లేని బడి ఏం చేయాలి?

మూత బాగా బిగిసే చిన్న మందు సీసా చాలు. దాని అంచు వరకు నింపి, పై నుంచి నున్నని గాజు పలకను జారుస్తూ బుడగ లేకుండా మూస్తే నింపిన ప్రతిసారీ ఒకే చోటు వస్తుంది. నీటిలో కలవని నూనెలకు యు-గొట్టం కూడా పనికివస్తుంది. నీరు, నూనె కలిసే మట్టం నుంచి పైకి కొలిచినప్పుడు నీటి స్తంభం 11.0 సెం.మీ., నూనె స్తంభం 12.0 సెం.మీ. ఉంటే సాపేక్ష సాంద్రత 11.0ను 12.0తో భాగించగా వచ్చే 0.917.

స్ట్రా అడుగును మైనంతో మూసి, లోపల కొన్ని సీసపు రవ్వలు వేసి హైడ్రోమీటరు (ద్రవంలో ఎంత లోతు మునిగిందో దాన్నిబట్టి సాంద్రత చూపే పరికరం) చేయించడం విద్యార్థులకు ఎంతో ఇష్టం. నీటిలో 10.0 సెం.మీ. మునిగే స్ట్రా, 0.9 సాంద్రత గల ద్రవంలో 11.1, 1.1 గల దానిలో 9.1, 1.2 గల దానిలో 8.3 సెం.మీ. మునుగుతుంది. గీతల మధ్య దూరం కిందికి పోయే కొద్దీ తగ్గుతుందని ఇక్కడే చూపించాలి. సమాన దూరంలో గీతలు పెట్టిన హైడ్రోమీటరు తప్పు చూపుతుంది. డెల్టా రైతు వరి విత్తనాల్లో తాలు తీయడానికి ఉప్పునీటిలో కోడిగుడ్డు వేసి చూడడం కూడా హైడ్రోమీటరు వాడడమే. తాజా గుడ్డు సాంద్రత సుమారు 1.08 కనుక, అది తేలిందంటే ద్రావణం అంతకంటే సాంద్రమైందన్నమాట.

పాలలో నీళ్లు కలిశాయో లేదో లాక్టోమీటరుతో తేల్చి చెప్పవచ్చా?

ఖాయంగా చెప్పలేం. లాక్టోమీటరు పాల కోసం చేసిన హైడ్రోమీటరు; అది 28 చూపిందంటే సాంద్రత 1.028 అని అర్థం. నీరు కలిస్తే అంకె తగ్గుతుంది, అది నిజమే. కానీ వెన్న నీటికంటే తేలిక కాబట్టి, మీగడ తీసేస్తే అంకె పెరుగుతుంది. మీగడ తీసి, ఆ తర్వాత కొలతగా నీరు కలిపిన పాలు లాక్టోమీటరు దగ్గర మంచి పాలలాగే నిలబడతాయి. అందుకే పాల కేంద్రాల్లో వెన్న శాతాన్నీ కలిపి చూస్తారు. పరికరం ఏ ఉష్ణోగ్రతకు తయారైందో దాని మీదే ముద్రించి ఉంటుంది. పాలు అంతకంటే వేడిగా ఉంటే అంకె తక్కువ చూపుతుంది. అప్పుడే పితికిన పాలలో నురగ ఉంటుంది కనుక కొంతసేపు ఆగాలి.

రూపాయి నాణెం సాంద్రత వెర్నియర్ కాలిపర్స్‌తో తక్కువగా వస్తోంది. ఎందుకు?

కాలిపర్స్ నాణెం అంచు మందాన్ని కొలుస్తాయి. అంచు మధ్య భాగం కంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఘనపరిమాణం ఎక్కువ వచ్చి, సాంద్రత తగ్గుతుంది. 2011 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 3.79 గ్రాములు తూగుతుంది. ఇరవై నాణేలు కలిపి 75.8 గ్రాములు. అవన్నీ కలిపి సుమారు 10 మి.లీ. నీటిని తొలగిస్తాయి. ఒక్క నాణెంతో కొలజాడీ పద్ధతి కుదరదు.

ఇంట్లో బంగారం స్వచ్ఛతను ఇలా పరీక్షించవచ్చా?

ఒక కాసు, అంటే 8 గ్రాముల 22 క్యారెట్ల నగ తొలగించే నీరు అర మి.లీ. కన్నా తక్కువ. 0.1 గ్రాము కాటా మీద దాని గురించి ఏమీ చెప్పలేం. కాటా మెరుగ్గా ఉన్నా, బోలుగా చేసిన గుండ్లు, లోపల పోసిన లక్క, పొదిగిన రాళ్లు లెక్కను చెడగొడతాయి. పైగా టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత 19.25, బంగారానిది 19.3, కాబట్టి లోపల ఆ లోహం ఉన్నా సాంద్రతతో పట్టుకోలేం. బీసెంట్ రోడ్డు దుకాణదారుతో తగవు పెట్టుకోవడానికి ఈ ప్రయోగం ఆధారం కాదు.

పాత ప్రయోగశాల అల్మారాలో పాదరసం సీసా ఉంది. వాడవచ్చా?

వద్దు. సాంద్రత 13.6 అని చెప్పడం చాలు. దాని ఆవిరి విషపూరితం, మన గదుల వేడికి మరింత త్వరగా లేస్తుంది. సీసాను తెరవకుండా ప్రధానోపాధ్యాయుల దృష్టికి తీసుకెళ్లాలి.

రికార్డులో ఎన్ని అంకెలు రాయాలి?

52.4ను 19.7తో భాగిస్తే క్యాలిక్యులేటరు 2.659898477 అని చూపుతుంది. కొలతల్లో మూడేసి అంకెలే ఉన్నాయి కాబట్టి జవాబులోనూ మూడే ఉండాలి: 2.66 గ్రా./ఘ.సెం.మీ., లేదా 2660 కి.గ్రా./ఘ.మీ. కొలజాడీతో చేసిన వారు 2.7 అని ఆపితే నిజాయితీగా ఉంటుంది. పక్కన ఏ పద్ధతి, కాటా కనీసపు కొలత ఎంత, నీటి ఉష్ణోగ్రత ఎంత అన్నవి తప్పనిసరిగా రాయాలి. తీసుకున్న పఠనాలను కొట్టివేయకుండా అన్నిటినీ పట్టికలో ఉంచాలి. పుస్తకంలోని విలువకు దగ్గరగా లేదని మార్కులు తగ్గించడం సరికాదు, ఎందుకంటే నాపరాయి ముక్కలన్నిటికీ ఒకే సాంద్రత ఉండదు. పరీక్షకులు చూడవలసింది ఆ పట్టికనే.